మంచుకొండపై నుసుము

నేను ఉపాధ్యాయుడనుగా నున్న కాలమున, ఒక మార్గశిర మాసపు ఉదయమున, ఒక విద్యార్థి చెరువుగట్టు మీదినుండి ఒక తూనీగను తీసికొని తరగతికి వచ్చెను. అది కాళ్లు ముడుచుకొని కదలక మెదలక యుండెను. దాని రెక్కలపై మంచుబిందువులు నిలిచియుండెను. "మాస్టారూ! ఇది చచ్చిపోయినదండీ" అని యతడు విచారముతో పలికెను. "దానిని అరచేతిలో నుంచుకొని కిటికీయొద్ద ఎండలో నిలువుము" అని నేను చెప్పితిని. నేను హాజరు పిలుచుట ముగించునంతలో తూనీగ కాళ్లు కదలించెను. కొంతసేపు రెక్కలు వణకించెను. పిమ్మట కిటికీ గుండ ఎగిరిపోయెను. తరగతి యంతయు చప్పట్లు చరచెను.

తూనీగ చావలేదు, చలిచే స్తంభించినది. మన దేహము తనకు కావలసిన వేడిని తానే పుట్టించుకొనును. ఎండకాలమునందైనను చలికాలమునందైనను మన దేహపు వేడి ఇంచుమించు 37 డిగ్రీలుగనే యుండును. కీటకములలో పెక్కింటికి అట్టి శక్తి లేదు. చుట్టునున్న గాలి ఎంత చల్లనగునో వాని దేహమును ఇంచుమించు అంత చల్లనగును. దేహము చల్లబడినకొలది కండరములు మందగించును. తుదకు కదలిక నిలిచిపోవును. చలికాలపు వేకువలయందు ఈగలును చీమలును మనకంతగా కనబడకపోవుటకు కారణమిదియే.

అరచేతి వేడిచే లేచి ఎగిరిన కీటకమును గూర్చి వింటిరి. అరచేతి వేడి సోకినంతనే సోలిపోవు కీటకము కూడ లోకమున కలదు. అది పుట్టునది మంచులో, పెరుగునది మంచులో, గిట్టునదియు మంచులోనే. దానిని గూర్చియు, దానివంటి మరికొన్ని జీవులను గూర్చియు ఈ పాఠమున తెలిసికొందము.

మన భాషలో "మంచు" అను నొక్క మాటయే గడ్డిపై నిలుచు బిందువులకును, త్రోవను కప్పివేయు పొగమంచునకును, హిమాలయమును కప్పియుండు తెల్లని హిమమునకును చెల్లుచున్నది. ఇచట చెప్పబోవునది ఈ మూడవ మంచు. ఉన్నత పర్వతములపై ఏండ్ల తరబడి కురిసిన హిమము తన బరువుచే తానే నొక్కుకొని గట్టి గడ్డగా మారును. ఆ గడ్డ కొండవాలున మిక్కిలి మెల్లగా, కంటికి కనబడని వేగముతో, క్రిందికి జారుచుండును. దీనినే హిమానీనదమందురు.

నేపాళ దేశమున కాఠ్మండు నగరమునకు ఉత్తరముగా లాంగ్‌టాంగ్ అను లోయ కలదు. ఆ లోయయందలి హిమానీనదములలో నొకదాని పేరు యాలా. అది సముద్రమట్టమునకు 5,000 మీటర్లకు పైని యెత్తున నున్నది. మన తూర్పు కనుమలలోని మిక్కిలి యెత్తైన శిఖరము కూడ 1,700 మీటర్లను మించదు. అట్టి శిఖరములను మూడింటిని ఒకదానిపై నొకటి పేర్చినచో యాలా హిమానీనదపు అడుగుకొన చెంతకు మాత్రమే చేరగలము.

ఇట్టి చోట్ల ఏ జీవియు స్థిరముగా బ్రతుకజాలదని చాలకాలము పెక్కురు తలచుచుండిరి. చెట్టు లేదు; గడ్డి లేదు; మట్టియును లేదు. గాలి పలుచన, రాత్రి చలి భయంకరము. అట్టి యాలా హిమానీనదముపై జపాను దేశపు క్యోటో విశ్వవిద్యాలయమునకు చెందిన షిరో కోషిమా అను పరిశోధకుడు ఒక చిన్న కీటకమును కనుగొనెను. అది మంచుపై నడచుచుండెను. దానిని గూర్చిన తన పరిశోధనను ఆయన 1984వ సంవత్సరమున "నేచర్" అను ప్రసిద్ధ శాస్త్రపత్రికయందు ప్రకటించెను.

ఆ కీటకము ఒక విధమైన నుసుము. దోమను పోలియుండును గాని కుట్టదు. దీని జాతివగు ఇతర నుసుములు నదులయొద్దను చెరువులయొద్దను గుంపులుగా ఎగురుచుండును. యాలా నుసుమునకు మాత్రము రెక్కలు కుదించుకొనిపోయినవి, అది ఎగురలేదు. నడచియే తన జీవితమును గడుపును. గాలి సున్నకు దిగువ 16 డిగ్రీలకు చల్లబడినను అది నడచుచుండుటను కోషిమా చూచెను. మన ఇండ్లలోని ఫ్రిజ్జులందు మంచుగడ్డలు కట్టు పై అర ఇంచుమించు అంత చల్లగ నుండును. ఆ అరలో నీరు రాయి యగును; ఈ నుసుము నడచిపోవును! అంతటి చలిలో చురుకుగ తిరుగు కీటకమును అంతకు పూర్వ మెవ్వరును చూచి వ్రాసియుండలేదు.

"మరి అది యేమి తినును?" అని మీరు అడుగవచ్చును. ఈ ప్రశ్నయే శాస్త్రజ్ఞునకును తోచినది. పగటి ఎండకు హిమానీనదపు పైపొర కొంత కరగి నీరగును. ఆ నీరు మంచుగడ్డను తొలుచుకొని చిన్న చిన్న కాలువలుగా లోలోపల ప్రవహించును. ఆ కాలువలయందు నీలియాకుపచ్చని నాచును, కంటికి కనబడని సూక్ష్మజీవులును పెరుగును. నుసుము పిల్లపురుగులు ఆ కాలువలలో నివసించి ఆ నాచును సూక్ష్మజీవులను తిని పెరుగును. నిర్జీవమని తలచిన మంచుగడ్డలో ఒక పొలమును, ఆ పొలములో పంటయు, ఆ పంటను మేయు పసులును కనబడినట్లయినది. రొయ్యల జాతికి చెందిన మిక్కిలి చిన్న ప్రాణి యొకటి కూడ తరువాత ఆ హిమానీనదముననే కనుగొనబడెను.

ఈ నుసుముల జీవితమున మిక్కిలి అబ్బురమైనది వాని యాత్ర. కరగిన నీరు ఎల్లప్పుడు పల్లమునకే పారును గదా! ఆ నీటితోపాటు పిల్లపురుగులును కొంచెము కొంచెముగా దిగువకు కొట్టుకొనిపోవుచుండును. ఇట్లే జరిగినచో కొన్ని తరములలో నుసుములన్నియు హిమానీనదపు కొన దాటి నశింపవలసినదే. కాని అట్లు జరుగుటలేదు. ఆడు నుసుములు పెరిగి పెద్దవైన పిమ్మట పైకి వచ్చి, మంచుపై నడచుచు, హిమానీనదపు ఎగువభాగమునకు ప్రయాణమగును. నీరు దించినదానిని తల్లి నడక మరల పైకి చేర్చుచున్నది.

ఇచట ఒక చిక్కు కలదు. హిమానీనదము మన బడిపలకవలె నునుపుగ నుండదు. దానిపై మిట్టలును పల్లములును అసంఖ్యాకములు. గోరంత పురుగునకు ప్రతి మిట్టయు ఒక కొండయే. కాళ్లక్రింది వాలును మాత్రమే నమ్మి నడచినచో అది ఒక చిన్న మిట్ట నెక్కి, అదియే శిఖరమని భ్రమించి నిలిచిపోవును. అందుచేత ఆ నుసుము సూర్యుని ఆనవాలుగ పెట్టుకొని తిన్నగా ఒకే దిశలో నడచును. అట్లు కొంతదూరము నడచుటచే చిన్న మిట్టపల్లములకు మోసపోక, హిమానీనదమంతయు ఏ వైపునకు వాలియున్నదో గ్రహించును. కోషిమా 1985వ సంవత్సరమున ఈ సంగతిని వివరించెను. సముద్రముపై ఓడ నడుపువాడు సూర్యుని చూచి దిక్కు తెలిసికొనునట్లు, ఆవగింజ కన్న చిన్న మెదడు గల ఈ ప్రాణి తన త్రోవను తెలిసికొనుచున్నది.

ఇక, చలి వలన ప్రాణులు చచ్చుటకును, ఈ జాతి కీటకములు చావకుండుటకును గల కారణములను విచారింతము. ప్రాణి దేహము అసంఖ్యాకములైన చిన్న చిన్న కణములతో కట్టబడినది. ప్రతి కణమునందును నీరు కలదు. నీరు గడ్డకట్టునపుడు ఉబ్బును. నిండుగ నీరుపోసి బిగించిన సీసాను పై అరలో మరచిపోయినచో అది పగులుటను మీలో కొందరు చూచియుందురు. అంతేకాక మంచు స్ఫటికములు సూదులవలె వాడిగ నుండి కణముల పొరలను చీల్చివేయును. కాబట్టి ప్రాణులను చంపునది వట్టి చలి మాత్రమే కాదు. చలివలన దేహములో పుట్టు మంచు.

ఈ ఆపదనుండి తప్పించుకొనుటకు చలిప్రాంతపు కీటకములకు రెండు ఉపాయములు కలవు. మొదటిది దేహములో మంచు పుట్టనీయకుండుట. ఉప్పు కలిపిన నీరు మంచినీటివలె సులభముగ గడ్డకట్టదు. అట్లే పెక్కు కీటకములు చలికాలము సమీపించినపుడు తమ రక్తములో చక్కెరలను, మందులషాపులో దొరకు గ్లిసరిన్ వంటి పదార్థమును చేర్చుకొనును. మరియు మిక్కిలి చిన్నదియు, మలినము లేనిదియు నగు నీటిబిందువు సున్నకు దిగువ ఇంచుమించు 38 డిగ్రీల వరకును ద్రవముగనే నిలువగలదు. దుమ్ముకణమో, ఆహారపు ముక్కయో ఆధారముగ దొరకినచో మాత్రము మంచు త్వరగా దానిచుట్టు పేరుకొనును. అందుచేత కొన్ని కీటకములు చలికి ముందు తమ కడుపును ఖాళీ చేసికొనును. మరికొన్నింటి రక్తములో ఒక విధమైన మాంసకృత్తులు కలవు. అవి అప్పుడే పుట్టిన మంచు స్ఫటికమునకు అంటుకొని దానిని పెరుగనీయవు. ఉత్తర అమెరికాలో మంచుపై గంతులువేయు "మంచుమిడుత" అనదగిన చిన్న ప్రాణిలో అట్టి మాంసకృత్తులున్నవని కెనడా శాస్త్రజ్ఞులు 2005వ సంవత్సరమున ప్రకటించిరి.

రెండవ ఉపాయము మంచును పుట్టనిచ్చి, దానిని హద్దులో నుంచుట. న్యూజీలండు కొండలపై నివసించు వేటా అను పెద్ద కీచురాయి ఇట్టిది. దాని దేహమునందలి నీటిలో నూటికి 80 పాళ్లకు పైగా గడ్డకట్టినను అది చావదు. మంచు కణముల వెలుపల మాత్రమే ఏర్పడును. కణముల లోపల ఏర్పడదు. ఎండ వచ్చి మంచు కరగినంతనే అది లేచి తన పనికి తాను పోవును.

ఈ రెండింటికిని భిన్నమైన మూడవ సాహసమొకటి ఇటీవల తెలియవచ్చినది. అమెరికాలోని కాస్కేడ్ పర్వతములపై పొడవైన కాళ్లు గలిగి, రెక్కలు లేని ఒక మంచు ఈగ కలదు. శీతకాలమున అది మంచుపై జతకొరకు వెదకుచు నడచుచుండును. పర్వతములపై తిరుగు సాహసికులు అట్టి ఈగలను సేకరించి సియాటిల్ నగరమునందలి వాషింగ్టన్ విశ్వవిద్యాలయమునకు పంపిరి. జాన్ టుతిల్ అను శాస్త్రజ్ఞుని పరిశోధనశాలలో వానిని మెల్లమెల్లగా చల్లబరచుచు, వేడిని చూపగల కెమెరాతో పరిశీలించిరి. నీరు గడ్డకట్టునపుడు కొంత వేడి వెలువడును. కాబట్టి ఈగ దేహములో మంచు ఎచ్చట పుట్టినదో ఆ కెమెరాయందు వెలుగుగా కనబడును. ఆ ఈగలు సగటున సున్నకు దిగువ 7 డిగ్రీల వరకును నడచుచుండెను. మంచు మొదట కాలి కొనలో పుట్టి పైకి ప్రాకజొచ్చును. అది దేహమును చేరినచో మరణమే. అపుడా ఈగ ఏమి చేయునో తెలియునా? ఆ కాలిని తొడ మొదట తానే తెంచుకొని, మిగిలిన కాళ్లతో నడచిపోవును! బల్లి శత్రువునకు తోకను విడిచి ప్రాణమును కాపాడుకొనునట్లు, ఈ ఈగ చలికి కాలిని విడిచి ప్రాణమును కాపాడుకొనుచున్నది. ఈ పరిశోధన 2023వ సంవత్సరమున ప్రకటింపబడినది.

చలిలో బ్రతుకు ప్రాణులకు ఎంతటి చలియైనను లెక్కలేదని మీరు తలచరాదు. 1913వ సంవత్సరమున కెనడా దేశపు బాన్ఫ్ సమీపమునందలి పర్వతముపై ఎడ్మండ్ వాకర్ అను కీటకశాస్త్రజ్ఞుడు ఒక వింత పురుగును కనుగొనెను. దానియందు కీచురాయి లక్షణములును బొద్దింక లక్షణములును కలిసియుండుటచే, ఆ రెండింటి పేర్లు కలిపి దానికి గ్రిల్లోబ్లాటా అని పేరిడెను. అది రాత్రులయందు మంచుపై తిరుగుచు, గాలికి కొట్టుకొనివచ్చి చలిచే పడియున్న ఇతర కీటకములను తినును. సున్న డిగ్రీల ప్రాంతపు చల్లదనము దానికి హాయి. మనకు హాయిగొలుపు వేడి దానికి మృత్యువు. చలి మరీ హెచ్చినను అది చచ్చును. అందుచేత చలి ముదిరినపుడు రాళ్లసందులలోనికి, దట్టమైన మంచుపొర క్రిందికి దిగిపోవును. మంచు మందముగ నున్నచోట అది కంబళివలె పనిచేయును. పైన చలి ఎంతయున్నను క్రింద నేలయొద్ద సున్నకు దరిదాపుగనే యుండును. సన్నని గోడపై నడచువాని వలె ఈ పురుగు వేడికిని చలికిని నడుమ ఇరుకైన త్రోవలో జీవించుచున్నది.

మన దేశీయులును ఈ శాస్త్రమున గొప్ప కృషి చేసిరి. ఆగ్రాలోని సెయింట్ జాన్స్ కళాశాలలో ఆచార్యుడైన ఎం.ఎస్. మణి 1950 తరువాతి సంవత్సరములలో వాయవ్య హిమాలయమునకు పలుమారులు శిష్యులతో యాత్రలు చేసి, హిమరేఖకు సమీపమున నివసించు కీటకములను సేకరించెను. వానిలో పెక్కు నల్లనివి. పెక్కింటికి రెక్కలు లేవు. నలుపు ఎండవేడిని త్వరగా పీల్చుకొనును. పెనుగాలులు వీచు శిఖరములపై రెక్కలు మేలుకన్న కీడునే ఎక్కువగ కలిగించును. మైదానములనుండి పైకెగయు గాలి లెక్కలేనన్ని పురుగులను మోసికొనివచ్చి మంచుపై చల్లుచున్నదనియు, అవియే అచటి ప్రాణులలో కొన్నింటికి ఆహారమగుచున్నవనియు ఆయన వివరించెను. ఈ విషయములపై ఆయన వ్రాసిన గ్రంథములు 1962, 1968 సంవత్సరములలో వెలువడి దేశదేశముల శాస్త్రజ్ఞుల మన్నన పొందినవి.

ఇట్టి కీటకములను అధ్యయనము చేయుట సులభము కాదు. తక్కిన కీటకములను పట్టి వెచ్చని గదికి తెచ్చి పరిశీలింపవచ్చును. వీనిని వెచ్చని గదికి తెచ్చినచో అవి చచ్చును. కాబట్టి పురుగును చల్లని పెట్టెలో నుంచవలెను. శాస్త్రజ్ఞుడే దాని చలిలోనికి పోవలెను. గాలి చాలని యెత్తున, వ్రేళ్లు కొంకరపోవు చలిలో, మంచుపై వంగి గంటల తరబడి ఒక చిన్న ప్రాణి అడుగులను లెక్కింపవలెను. ప్రతిసారియు చలి ఎన్ని డిగ్రీలో, గడియారమున వేళ ఎంతయో పుస్తకమున వ్రాసికొనవలెను.

ఇంత శ్రమకు ఫలమేమి? మంచు స్ఫటికములను అడ్డు మాంసకృత్తుల జ్ఞానము, దానముచేసిన అవయవములను చెడకుండ నిలువయుంచుటకు ఏనాటికైన తోడ్పడునని శాస్త్రజ్ఞుల ఆశ. యాలా మంచులో ఏటేట పొరలుగా చిక్కుకొన్న నాచును లెక్కించి, ఏ పొర ఏ సంవత్సరమునకు చెందినదో తెలిసికొను పద్ధతి ఏర్పడినది. మంచుపై మనకు మురికివలె కనబడు నల్లని పూతలో చాలభాగము సూక్ష్మజీవులును వాని అవశేషములును అనియు, ఆ నలుపు ఎండను పీల్చుటచే మంచు వేగముగ కరగుననియు కోషిమాయు ఆయన సహచరులును 1993వ సంవత్సరమున తెలిపిరి. ఒక నుసుము ఆహారమును వెదకబోయి, హిమానీనదము కరగుటకు గల కారణములలో నొకదానిని వారు కనుగొనిరి.

ఇపుడు విచారకరమగు సంగతి నొకదానిని చెప్పక తప్పదు. భూమి వేడెక్కుటచే హిమాలయపు హిమానీనదములు తరగిపోవుచున్నవి. యాలాను శాస్త్రజ్ఞులు తొలిసారి కొలిచినది 1970 తరువాతి సంవత్సరములలో. అప్పటినుండి ఇప్పటికి దానిలో నూటికి 66 పాళ్లు హరించినది; దాని కొన 784 మీటర్లు వెనుకకు పోయినది. 2025వ సంవత్సరము మే 12వ తేదీన లోయవాసులును, బౌద్ధభిక్షువులును, భారత, నేపాళ, భూటాన్, చైనా దేశముల శాస్త్రజ్ఞులును యాలాయొద్ద సమావేశమై, మరణింపనున్న బంధువునకు వీడ్కోలు పలికినట్లు దానికి వీడ్కోలు పలికి, రాతిఫలకముల నుంచిరి.

ఆడు నుసుము ఎప్పటివలెనే సూర్యుని చూచుకొనుచు ఎగువకు నడచును. దిగువకు కొట్టుకొనిపోయిన దూరమును మరల ఎక్కుట దానికి తెలియును. కాని హిమానీనదమే తరగిపోవుచుండగా అది ఎంతవరకు ఎక్కగలదు? కొండకు శిఖరమున్నది, అటుపై ఆకాశమే. వెచ్చని దేశపు పురుగు చల్లని చోటు కావలెనన్న కొండ నెక్కవచ్చును. కొండకొననే నివాసముగ గల పురుగునకు పోవుటకు మరియొక చోటు లేదు. హిమాలయపు మంచునీరు నదులై కోట్ల జనులకు త్రాగునీరును సాగునీరును ఇచ్చుచున్నది. కాబట్టి నుసుమునకు వచ్చిన ఆపద నుసుమునకు మాత్రమే వచ్చినది కాదు.

విద్యార్థులారా! హిమాలయమునకు పోవుట మనకందరకు సాధ్యము కాకపోవచ్చును. కాని చలికాలపు ఉదయమున ఒక ఉష్ణమాపకమును, ఒక పుస్తకమును తీసికొని పెరటిలో కూర్చుండుట సాధ్యమే. ఎన్ని డిగ్రీల వెచ్చదనమునకు చీమలు పుట్టనుండి వెలువడుచున్నవి? తూనీగ ఎంత ఎండకు ఎగురుచున్నది? ఒక నెలదినములు తప్పక చూచి వ్రాసికొనుడు. నాడు తూనీగను తెచ్చిన విద్యార్థికి నేను చెప్పినదియు ఇదియే. అతడు మరునాటినుండి మాఘమాసము వరకు ప్రతి ఉదయము చెరువుగట్టునకు పోయి వ్రాసికొనెను. ఆ పుస్తకమును అతడు నాకు చూపిన దినమున, అతని మార్కుల పట్టికను చూచినపుడు కలిగినదానికన్న మిన్నయైన సంతోషము నాకు కలిగెను.